రేడియేషన్ కొట్టిన మాంసం ఫ్రిజ్ లేకుండా నిల్వ ఉంటుందట, మరి ఫ్రీజర్లు ఇంకా ఎందుకు తిరుగుతున్నాయి?

లెక్కలమనిషి:

అందరికీ నమస్కారం. మాంసం నిల్వ చేసి హోల్‌సేల్‌గా పంపే ఒక కంపెనీలో నేను అకౌంట్స్ చూస్తాను. సైన్సు స్కూల్లోనే వదిలేసినవాణ్ణి, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్పండి.

మా ఖర్చుల్లో జీతాల తర్వాత పెద్ద పద్దు కరెంటు. సరుకు కదిలినా కదలకపోయినా కంప్రెసర్లు తిరగాల్సిందే. పోయిన వారం మా యజమాని ఏదో చదివి వచ్చారు. అంతరిక్షంలోకి వెళ్లేవాళ్లకు రేడియేషన్‌తో శుద్ధి చేసిన మాంసం ఇస్తారట, అది ఫ్రిజ్ లేకుండా ఏళ్ల తరబడి ఉంటుందట. "ఆ మెషీన్ ఒకటి పెట్టేస్తే ఫ్రీజర్లు అమ్మేయొచ్చేమో, లెక్క కట్టి చూడు" అన్నారు. ఆయన అలా అన్నారంటే శనివారానికల్లా కాగితం బల్ల మీద ఉండాలి.

సరే అని కూర్చున్నాను. రేడియేషన్ మోతాదును కిలోగ్రేల్లో కొలుస్తారని, ఒక కిలోగ్రే అంటే కిలో మాంసంలోకి ఒక కిలోజౌల్ శక్తి దిగడమని తెలిసింది. నాసా మాంసానికి కనీసం 44 కిలోగ్రేలట. అంటే కిలోకి 44 కిలోజౌళ్లు. అదే కిలో మాంసాన్ని గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీలకు తేవాలంటే అందులోంచి 250 నుంచి 300 కిలోజౌళ్ల వేడి లాగాలి, తర్వాత అమ్ముడయ్యేదాకా ఆ చలిలోనే పట్టి ఉంచాలి. పోనీ డబ్బాల్లో పెట్టి 121 డిగ్రీలకు వేడి చేద్దామన్నా 350 దాకా పోతుంది. ఎటు తిప్పి చూసినా రేడియేషనే చవక.

ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. లెక్క మరీ ముచ్చటగా కుదిరిందంటే ఏదో ఒక పద్దు రాయడం మరిచిపోయామని నా అనుభవం. ఆ పద్దు ఏది?

వట్టిసందేహం:

పద్దు సంగతి నాకు తెలీదు గానీ, ఆ రేడియేషన్ మాంసంలోనే ఉండిపోతుంది కదండీ. ఎవరు కొంటారు? నేనైతే వండను, పిల్లలకి అసలే పెట్టను.

నైట్‌షిఫ్ట్‌గామా:

ముందు వట్టిసందేహం గారికి ఒక్క ముక్క. ఉండిపోదండీ. కిరణాలిచ్చే సోర్స్, అంటే రేడియోధార్మిక కోబాల్ట్ లోహం, ఎప్పుడూ మాంసాన్ని తాకదు, కిరణాలు దాటుకుని పోతాయి అంతే. కోబాల్ట్ గామా కిరణాలకి ఒక వస్తువును రేడియోధార్మికంగా మార్చేంత శక్తి లేదు. కోబాల్ట్ బదులు వాడే ఎలక్ట్రాన్ మెషీన్లకు 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, ఎక్స్‌రేకి 5, అమెరికాలో 7.5 అని హద్దు పెట్టింది కూడా ఆ భయం లేకుండానే. మీ కారణం తప్పు, కానీ "ఎవరు కొంటారు" అన్న ప్రశ్న మాత్రం అసలైనది. దాని గురించి నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

లెక్కలమనిషి గారూ, నేను పదకొండేళ్లు ఒక కోబాల్ట్ ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేశాను. ఎక్కువగా సిరంజీలు, సర్జరీ గ్లవ్స్, అప్పుడప్పుడు మసాలా పొడులు, ఒక రెండేళ్లు గడ్డకట్టిన మాంసం. మీ కిలోజౌళ్ల లెక్కలో తప్పేం లేదు. కాకపోతే మా దగ్గర ఎవరూ శక్తికి డబ్బు కట్టరు, ఆ గదిలో గడిపిన టైముకి కడతారు.

కోబాల్ట్-60 సగానికి తరిగిపోవడానికి 5.27 ఏళ్లు. అంటే ఏడాదికి 12 శాతం పైన హరించుకుపోతుంది, మీరు సరుకు పెట్టినా పెట్టకపోయినా. పని లేనప్పుడు సోర్సును నీళ్ల కొలనులోకి దించేస్తాం. ఆరేడు మీటర్ల లోతులో నీలంగా వెలుగుతూ ఉంటుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! మా మేనేజర్ మాత్రం ఆ నీలం కనబడినప్పుడల్లా "డబ్బు నీళ్లపాలవుతోందయ్యా, ఏదో ఒకటి ఎక్కించండి" అని తిట్టేవాడు. మీ ఫ్రీజర్ గది ఖాళీ అయితే స్విచ్ ఆపేస్తారు. కోబాల్ట్‌కి ఆ స్విచ్ లేదు. పండగ రోజు కూడా ప్లాంటు నడిపేది అందుకే.

ఇప్పుడు మీ భాషలో చెప్తాను. 10 లక్షల క్యూరీల సోర్స్ అనుకోండి, క్యూరీ అంటే రేడియోధార్మికతకి కొలత. వినడానికి భయంగా ఉంటుంది గానీ అది ఇచ్చే శక్తి దాదాపు 14.8 కిలోవాట్లు, ఏడెనిమిది నీళ్ల గీజర్లంత. అందులో మూడో వంతు కూడా సరుకులోకి దిగదు, మిగతాదంతా గోడలూ కన్వేయర్ ఇనుమూ తాగేస్తాయి. 30 శాతం దిగిందనుకుందాం, 4.4 కిలోవాట్లు. పెట్టెల మీద సగటున 2.5 కిలోగ్రేలు పడాలంటే గంటకి ఆరు టన్నుల పైన వెళ్తాయి, 24 గంటలూ నడిస్తే రోజుకి 150 టన్నులు. అదే నాసా మాంసం చేద్దామంటే, పెట్టెలో అన్నిటికంటే తక్కువ పడే మూల కూడా 44 అందుకోవాలి కాబట్టి సగటు 50 దాకా పోతుంది. అప్పుడు గంటకి 320 కిలోలు, రోజుకి ఏడున్నర టన్నులు. అదే గది, అదే సోర్స్, అవే జీతాలు. కిందనున్న భాజకం, అంటే ఆ ఖర్చును పంచుకునే టన్నులు, ఒక్కటే ఇరవయ్యో వంతు అయింది. మీరు రాయడం మరిచిపోయిన పద్దు ఇదీ.

మరి తక్కువ మోతాదు చాలదా అంటారు. ఫ్రిజ్‌లో ఉంచే మాంసానికైతే భేషుగ్గా చాలుతుంది. జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో ఈ.కోలై ఓ157 రకం పదింట తొమ్మిది వంతులు చావడానికి కిలోగ్రేలో మూడో వంతు కూడా అక్కర్లేదు. సాల్మొనెల్లా కొంచెం మొండిది, ముప్పావు కిలోగ్రే దాకా అడుగుతుంది. 2, 2.5 కొడితే అవి రెండూ దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి, కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా చాలావరకు పోతుంది. ఫ్రిజ్‌లో నిల్వ కాలం రెండు, మూడు రెట్లవుతుంది.

కానీ బొటులినం అని, గాలి ఆడని ఆహారంలో విషం పుట్టించే బ్యాక్టీరియా ఒకటుంది, దాని మొండి బీజాలు ఉన్నాయి చూశారూ, వాటికి పదింట తొమ్మిది వంతులు చావడానికే 3.5 కిలోగ్రేలు కావాలి. డబ్బా ఆహారానికి పెట్టిన భద్రత అలాంటి మెట్లు పన్నెండు. పన్నెండు మూడున్నరలు 42. ఆ 44, 45 ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? తక్కువ మోతాదు కొట్టి మాంసాన్ని బయట పెట్టేస్తే వాసన పట్టించే బ్యాక్టీరియా చచ్చి ఉంటుంది, విషం పుట్టించేది బతికి ఉంటుంది. కుళ్లిన కంపు కూడా రాకుండా విషమవుతుంది. కాబట్టి తక్కువ మోతాదు మాంసానికి ఫ్రిజ్ తప్పదు.

ఇక ఎక్కువ మోతాదు పద్ధతి మీ యజమానికి తప్పకుండా వివరించండి. ముందు మాంసాన్ని 70, 75 డిగ్రీల దాకా ఉడకబెట్టాలి, ఎందుకంటే రేడియేషన్ ఎంజైములను చంపదు, పచ్చిగా ఉంచితే నెలల్లో దానంతటదే మెత్తగా పిప్పి అయిపోతుంది. తర్వాత వ్యాక్యూమ్ ప్యాకింగ్. ఆ తర్వాత మైనస్ 30, 40 డిగ్రీల దాకా గడ్డకట్టించి, ఆ చలి పోకుండా కిరణాల కింద పెట్టాలి. లేకపోతే కొవ్వు పాడై, తడిసిన కుక్క వాసన వస్తుంది. ఫ్రీజర్లు అమ్మడానికి ముందు ఇంకో పెద్ద ఫ్రీజర్ కొనాలన్నమాట.

ఇంకో మాట. సిరంజీలకి 25 కిలోగ్రేలు కావాలి నిజమే, కానీ అవి గాలి నిండిన తేలిక పెట్టెలు, గోడౌన్‌లో నెల రోజులైనా ఊరుకుంటాయి, మంచి రేటు ఇస్తాయి. మాంసం బరువు, ఆగదు, కిలో మీద మిగిలేది తక్కువ. నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటుంది. రెండు గంటలకి మాంసం లారీ వచ్చింది. లోపల కన్వేయర్ మీద సిరంజీలు సగం చక్రంలో ఉన్నాయి. రెండిటికీ సాంద్రత వేరు, టైమర్ వేరు, కలిపి పంపడానికి లేదు. మధ్యలో మార్చాలంటే ఖాళీ పెట్టెలు తిప్పాలి, అది గంటన్నర నష్టం. లారీని తెల్లారేదాకా బయట నిలబెట్టాం, దాని శీతల యంత్రం ఆగింది, డ్రైవర్ నిద్రపోయాడు. పొద్దున తలుపు తీస్తే ముందు వరస పెట్టెల కింద నీళ్లు. ఆ లాట్ మొత్తం వెనక్కి పోయింది. మోతాదు కొలిచే ఏ డోసిమీటర్ రీడింగూ ఆ నష్టాన్ని చూపించదు.

క్వాలిటీఅక్క:

గామా గారు లోపలి సంగతి చెప్పారు, నేను బయటిది చెప్తాను. ఇరవై ఏళ్లుగా మాంసం ప్రాసెసింగ్‌లో క్వాలిటీ చూస్తున్నాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికా సైన్యం నేటిక్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి దీని మీద కూర్చుంది, యుద్ధంలో ఫ్రిజ్ మోయక్కర్లేదని. 1963లో డబ్బా బేకన్‌కి అనుమతి కూడా వచ్చింది, 1968లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందే, 1958 చట్టంలో రేడియేషన్‌ని ఒక ప్రక్రియగా కాకుండా ఆహారంలో కలిపే పదార్థాల జాబితాలో వేశారు. ఉడకబెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేడియేషన్‌కి మాత్రం ఒక్కో ఆహారానికీ విడిగా అర్జీ పెట్టాలి. ఆ అర్జీకి పట్టే ఏళ్లు, పరీక్షలు, లాయర్లు, ఇవన్నీ కూడా ఖర్చే కదా. పెట్టినవాడికి అనుమతి వస్తే పోటీదారుడు కూడా ఉచితంగా వాడుకుంటాడు. ఇంక ఎవరు ముందుకొస్తారు?

ఇక జేబుల సంగతి. రేడియేషన్ ఖర్చు కంపెనీ జేబులోంచి పోతుంది. జబ్బు పడకుండా మిగిలే లాభం తినేవాళ్లది, ఆస్పత్రులది. తిన్నవాడికి మూడు రోజుల తర్వాత కడుపునొప్పి వస్తే ఏ ముక్క వల్ల వచ్చిందో ఎవరు తేలుస్తారు? తేలనంతకాలం కంపెనీకి ఖర్చు పెట్టే కారణం లేదు.

అది మారింది 1993 తర్వాత. అమెరికాలో జాక్ ఇన్ ది బాక్స్ అనే హోటళ్ల గొలుసు అమ్మిన హాంబర్గర్లలోని ఈ.కోలై వల్ల ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. 1994లో అమెరికా ప్రభుత్వం పచ్చి ఖీమాలో ఆ ఈ.కోలై కనబడితే కల్తీ కిందే లెక్క అని ప్రకటించింది. 1997 ఆగస్టులో హడ్సన్ ఫుడ్స్ 2.5 కోట్ల పౌన్ల ఖీమా వెనక్కి పిలవాల్సి వచ్చింది, అంటే 11 వేల టన్నుల పైన. కొద్ది నెలల్లోనే ఆ కంపెనీ వేరేవాళ్ల చేతిలోకి పోయింది. ఇప్పుడు నష్టం కంపెనీ పుస్తకాల్లోకి వచ్చింది చూడండి. అదే ఏడాది డిసెంబరులో ఎర్ర మాంసానికి రేడియేషన్ అనుమతి వచ్చేసింది. 2000 ఫిబ్రవరి నుంచి వాడుకోవచ్చన్నారు, ఫ్రిజ్ మాంసానికి 4.5 కిలోగ్రేలు, గడ్డకట్టినదానికి 7 గరిష్ఠ హద్దు. కోడిమాంసానికి 1990లోనే ఇచ్చి ఉన్నారు.

అప్పుడు రంగంలోకి దిగింది ష్యూర్‌బీమ్. టైటన్ అనే రక్షణరంగ కంపెనీ పిల్ల. కోబాల్ట్ కాదు, ఎలక్ట్రాన్ బీమ్, కరెంటు ఆపితే ఆగిపోయేది. అయోవా రాష్ట్రంలో మాంసం ఫ్యాక్టరీలు దండిగా ఉన్న సూ సిటీలో ప్లాంటు పెట్టారు. 2001లో ఆంథ్రాక్స్ ఉత్తరాల గొడవ వచ్చినప్పుడు తపాలా శాఖ ఉత్తరాలు శుద్ధి చేయడానికి వీళ్ల యంత్రాలే కొంది. ఇంత పేరొచ్చాక కూడా 2004 జనవరిలో దివాలా తీశారు. టెక్నాలజీ పనిచేసింది, బ్యాక్టీరియా చచ్చింది. రావాల్సినంత మాంసం రాలేదు, అంతే. గామా గారు చెప్పిన భాజకమే ఇక్కడా.

ఎందుకు రాలేదంటే లేబుల్. ప్యాకెట్ మీద రాడురా, అంటే రేడియేషన్ కొట్టిన ఆహారానికి వేసే గుర్తు, పక్కన "రేడియేషన్‌తో శుద్ధి చేసినది" అన్న మాట తప్పనిసరి. కొనేవాడికి ఆ మాట హెచ్చరికలా కనిపిస్తుంది. పైగా కంపెనీకి ఇంకో చిక్కుంది. ఒక ప్యాకెట్ మీద "ఇది సురక్షితం" అని వేస్తే, పక్క అరలో ఉన్న తన సొంత మామూలు ప్యాకెట్ గురించి ఏం చెప్పినట్టు? నేను పనిచేసినచోట ఈ ఒక్క ప్రశ్న మీద మీటింగ్ మూడు గంటలు నడిచింది. మార్కెటింగ్ ఆయన చివరికి లేచి, "అక్కా, నీ బ్యాక్టీరియా నువ్వు చంపుకో, నా బ్రాండ్‌ని చంపకు" అన్నాడు. నవ్వాం గానీ ఫైలు అక్కడే మూసేశాం. ఆ తర్వాత మేం కళేబరాలకి ఆవిరి, లాక్టిక్ యాసిడ్ కడుగుడు, శాంపిల్ ఫలితం వచ్చేదాకా లాట్ ఆపి ఉంచడం, వీటితో సర్దుకున్నాం. వండిన స్లైసులకి అధిక పీడన యంత్రం, 600 మెగాపాస్కళ్లు. నిజానికి అదేం చవక కాదు, ఒక్కో గంపకీ ఆగి ఆగి పనిచేస్తుంది. కానీ దానికి ఆ గుర్తు వేయక్కర్లేదు.

వట్టిసందేహం:

అక్కా, నేను లేబుల్ చూసి పక్కన పెట్టే బాపతే. ఒప్పుకుంటున్నాను. మరి ఎక్కడా నడవట్లేదా ఇది?

క్వాలిటీఅక్క:

నడుస్తోంది. మసాలాలకి బాగా నడుస్తోంది, మొట్టమొదట వ్యాపారంగా వాడింది కూడా 1957లో జర్మనీలో మసాలాలకే. కారణం సింపుల్: పొడిగా ఉంటాయి, తేలిక, నెలలు ఆగుతాయి, కిలో ధర ఎక్కువ. మాంసంలో కూడా యూరప్‌లో కప్పకాళ్లకు వాడతారు. రోగ నిరోధక శక్తి పడిపోయిన రోగుల భోజనానికి వాడే చోట్లున్నాయి. ధర చూడకుండా భద్రత కొనేవాళ్లు ఉన్నచోట నిలబడుతుంది.

లెక్కలమనిషి:

ఇద్దరికీ దండాలు. నిన్న రాత్రి మళ్లీ లెక్క వేశాను, చూడండి.

మా సరుకు రోజుకి 12 టన్నులు. గామా గారి 150 టన్నుల ప్లాంటులో అది 8 శాతం. ఖర్చంతా దాదాపు స్థిరమైనదే కాబట్టి, నిండా నడిచే ప్లాంటులో కిలోకి ఒక రూపాయి పడేది మాకు పన్నెండున్నర పడుతుంది. రూపాయి అన్నది ఊరికే కొలమానానికి అన్నాను. మరి పదో వంతు సోర్స్, అంటే లక్ష క్యూరీలు పెట్టుకుంటే?

నైట్‌షిఫ్ట్‌గామా:

సోర్స్ ఖర్చు పదో వంతవుతుంది, గోడ ఖర్చు కాదు. గోడ రెండు మీటర్ల కాంక్రీటు. కోబాల్ట్ కిరణాలు పదో వంతుకి తగ్గాలంటే కావాల్సింది 20, 22 సెంటీమీటర్లు. అంటే సోర్స్ పది రెట్లు చిన్నదైతే గోడ జానెడు సన్నబడుతుంది. కొలను అంతే, కన్వేయర్ అంతే, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ జీతం అంతే. చిన్న ప్లాంటు అనేది ఈ వ్యాపారంలో లేదండీ. బయటి ప్లాంటుకి పంపి చేయించుకోవడం, లేదా మానుకోవడం.

లెక్కలమనిషి:

అదే అనుకున్నాను. ఫ్రీజర్లు అమ్మే కల తీసేసి వేరే పక్కనుంచి చూశాను. మా దగ్గర చల్లగా అమ్మే ఖీమాలో గడువు దాటి వెనక్కొచ్చేది 4 శాతం. నిల్వ కాలం రెట్టింపైతే అది 1 శాతానికి దిగిందనుకుందాం. అంటే మిగిలేది ఖీమా విలువలో 3 శాతం. ప్లాంటు చార్జీ, రానూపోనూ చల్లని లారీ, దారిలో పోయే ఒక రోజు, కొత్త లేబుల్, దాన్ని చూసి కొనడం మానేసేవాళ్లు, ఇవన్నీ కలిపి ఆ 3 శాతంలో ఇమడాలి. ఇమిడితే చేయొచ్చు. ఇలా రాస్తే సరేనా?

నైట్‌షిఫ్ట్‌గామా:

ఇప్పుడు దారిలో పడ్డారు. మీ ఖీమా పెట్టె మందం ఎంత?

లెక్కలమనిషి:

18 సెంటీమీటర్లు.

నైట్‌షిఫ్ట్‌గామా:

అయితే ఎలక్ట్రాన్ బీమ్ పనికిరాదు. 10 మిలియన్ వోల్టుల బీమ్ రెండు వైపులనుంచి కొట్టినా మాంసంలో 8, 9 సెంటీమీటర్లు దాటి సమంగా పడదు. ఎక్స్‌రే లోతుగా వెళ్తుంది, కానీ ఎలక్ట్రాన్లను ఎక్స్‌రేగా మార్చేటప్పుడు నూటికి ఎనిమిది పాళ్లే దక్కుతుంది, మిగతాది వేడి. గామా అయితే దొరుకుతుంది, సిరంజీల వెనక క్యూలో నిలబడాలి. లేదంటే 8 సెంటీమీటర్ల ట్రేల్లో సర్దాలి, ఆ కూలీ, ఆ ట్రేలు కూడా మీ 3 శాతంలోకే రాసుకోండి. ప్యాకింగ్ ప్లాస్టిక్ ఈ మోతాదుకి అనుమతి ఉన్నదేనా అని కూడా ముందే అడగండి, నేను ఆ ఒక్క కారణానికి లాట్లు వెనక్కి పంపాను.

లెక్కలమనిషి:

శనివారం కాగితం ఇచ్చాను. మొదటి పేజీ చదివి "అయితే ఫ్రీజర్లు ఉంచుదాం" అన్నారు. రెండో పేజీ దగ్గర ఆగి, "ఖీమా నాలుగు శాతం వెనక్కొస్తోందా? నాకెవరూ చెప్పలేదే" అన్నారు. రేడియేషన్ సంగతి అక్కడితో మరిచిపోయారు. ఇప్పుడు గత ఏడాది రిటర్న్‌లన్నీ నెలవారీగా కావాలట. సేల్స్‌లో ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ మూడు అంకెలు ఇచ్చారు, ఒక్కటీ నా నాలుగుతో కలవలేదు.